మా తాతయ్య కారు – మళ్ళీ కట్టిన ఇంజను

(మెకానికల్ ఇంజనీరింగ్, తృతీయ సంవత్సరం)

వార్షిక సంచికకి ఏదైనా సాంకేతిక వ్యాసం రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, రాకెట్ల మీదో రోబోట్ల మీదో రాస్తాననుకున్నారు కాబోలు. నాకంత పాండిత్యం లేదు. చేతులు మసి చేసుకుని నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటుంది. పదకొండేళ్ళుగా మా దుర్గిలో వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని పడివున్న మా తాతయ్య అంబాసిడర్ కారుకి, అదే రకం పెట్రోలు ఇంజను ఒకటి కొత్తగా కట్టి బిగించిన కథ అది. కథతోపాటు కొంత శాస్త్రం కూడా చెబుతాను. రెండూ కలిపి చదివితే విసుగు పుట్టదని నా ఆశ.

కారు పుట్టుపూర్వోత్తరాలు

హిందుస్థాన్ మోటార్స్ 1942లో మొదలై, 1948లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకి చేరింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు ఆధారంగా అక్కడ తయారైనదే అంబాసిడర్. తొలి బండ్లలో 1476 సి.సి. సైడ్‌వాల్వు ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో వాల్వులు తలపైన ఉండే 1489 సి.సి. ఇంజను వచ్చింది. దీన్ని బి.ఎం.సి. 'బి' సిరీస్ అంటారు. 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎం.జి.ఏ. అనే స్పోర్ట్స్ కారుకీ ఇదే కుటుంబం ఇంజను పెట్టారంటే మన వాళ్ళు నమ్మరు. అక్కడ పందెపు గుర్రం, ఇక్కడ కాడెద్దు. జాతి మాత్రం ఒకటే. 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

మా బండి 1972 నాటి మార్క్ టూ. తాతయ్య 1984లో దాన్ని సెకండ్‌హ్యాండులో కొన్నాడు. పేరుకి సొంత బండే గాని ఊరందరిదీ. పురుటినొప్పులొస్తే అదే, పెళ్ళికొడుకుని తేవాలంటే అదే, మిరపకాయల డబ్బు తేవడానికి గుంటూరు పోవాలన్నా అదే.

ఎందుకు ఆగిపోయింది?

2013 ఆగస్టులో ఒక రాత్రి మా నాయనమ్మకి గుండెనొప్పి వచ్చింది. తాతయ్య ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి గుంటూరు బయలుదేరాడు. కారంపూడి దాటాక ఇంజనులో పెద్ద చప్పుడైంది. బ్లాకు పక్కన చిల్లిపడి ఆయిలంతా రోడ్డుపాలైంది. దారిన పోయే లారీ ఒకటి దొరికేసరికి గంట పైనే పట్టింది. నాయనమ్మ ఆస్పత్రిలో రెండు రోజులుండి పోయింది. ఆ గంట ఆలస్యం వల్ల కాదని డాక్టరుగారు చెప్పారు. తాతయ్య వినలేదు. "ఆయిలు మార్చాల్సిన నెల దాటించా. నా బద్ధకమే దాన్ని చంపింది" అనేవాడు. బండిని ఇంటికి లాక్కొచ్చి టార్పాలిన్ కప్పాడు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

రెండో సంవత్సరం సెలవుల్లో పాత ఇనుము కొనే వ్యాపారి ఇంటికొచ్చి బేరం పెట్టాడు. తాతయ్య సరేనన్నాడు. "ఇచ్చేముందు ఇంజను విప్పి చూసుకుంటాను తాతయ్యా, చదువుకి పనికొస్తుంది" అని నేనడిగాను. "నీ ఇష్టం. నన్ను మాత్రం పిలవొద్దు" అన్నాడు.

విప్పాను. మూడో నంబరు కనెక్టింగు రాడ్డు విరిగి, బ్లాకుని పొడిచేసింది. ఇక్కడే పాఠం మొదలైంది. ఆయిలు లేక ఇంజను చెడితే బేరింగులన్నీ ఎంతోకొంత చెప్తాయి. పైన మెత్తని పూత కరిగి, గీరుకుపోయి, వేడికి నల్లబడి ఉంటాయి. మా ఇంజనులో మూడోది తప్ప మిగిలిన రాడ్డు బేరింగులూ, క్రాంకుని మోసే మూడు మెయిను బేరింగులూ వయసుకి తగ్గట్టు అరిగాయే గాని, ఆకలితో చచ్చినవి కావు. ఆయిలు పంపు జల్లెడలో మడ్డి ఉంది గాని మూసుకుపోలేదు. మరి రాడ్డు ఎందుకు విరిగింది?

సంపులో అడుగున దొరికిన విరిగిన బోల్టు ముక్కల్ని కిరసనాయిలుతో కడిగి, కాయితంలో చుట్టి కాలేజీకి తెచ్చాను. మెటలర్జీ లాబులో మా గురువుగారు భూతద్దం కింద పెట్టి, "నువ్వే చూసి చెప్పు" అన్నారు. విరిగిన ముఖంలో మూడింట రెండు వంతులు నున్నగా ఉంది. దానిమీద, వాగులో నీళ్ళు తగ్గేకొద్దీ ఇసుకమీద మిగిలే గీతల్లాగా, వంపు గీతలు వరసగా ఉన్నాయి. మిగిలిన వంతు మాత్రం గరుకుగా, అప్పుడే విరిచిన బెల్లంముక్కలా ఉంది. ఆ గీతలన్నీ మర మొదట్లో ఒక చిన్న గాటు దగ్గర పుట్టాయి. ఇది లోహపు అలసట. ఒక్కసారి బరువెక్కువై విరగడం కాదు. రాడ్డు పైకి కిందికి లాగిన ప్రతిసారీ ఆ పగులు కంటికి ఆననంత ముందుకు జరుగుతుంది. ఏళ్ళ తరబడి, కోట్లసార్లు. చివరికి మిగిలిన మూడోవంతు బరువు మోయలేక ఒక్క క్షణంలో తెగుతుంది. ఆ క్షణం ఆ రాత్రి వచ్చింది. ఒక నెల ముందు ఆయిలు మార్చినా అది ఆగేది కాదు.

ఆ శనివారం దుర్గి వెళ్ళి తాతయ్య ముందు బోల్టు పెట్టి గీతలు చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. పొద్దున్నే లేచి చూస్తే వ్యాపారికి ఫోను చేసి బేరం లేదని చెప్తున్నాడు.

ఏ ఇంజను పెట్టాలి?

ఊళ్ళో ప్రతివాడూ ఒక సలహా ఇచ్చాడు. డీజిలు చవగ్గా ఉన్న రోజుల్లో అంబాసిడర్లకి మెటడార్ వ్యాను ఇంజన్లు మార్చి పెట్టించిన వాళ్ళు మన ప్రాంతంలో చాలామందే. "డీజిలు పెట్టించెయ్యి" అన్నారు కొందరు. "తుక్కు కారులోంచి కంప్యూటరు ఇంజను తీసి పెట్టు" అన్నారు ఇంకొందరు. నేను అసలు రకమే పెట్టాలనుకోవడానికి రెండు కారణాలు.

మొదటిది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిలో మార్పు చేయాలంటే రిజిస్టరింగు అధికారి అనుమతి కావాలి. పుస్తకంలో ఉన్న వివరాలకీ బండికీ తేడా ఉండకూడదు. పైగా 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన బండ్లకి వింటేజి గుర్తింపు ఇచ్చే నియమాలు తెచ్చింది. ఛాసీ, బాడీ, ఇంజను మార్చేసిన బండికి ఆ గుర్తింపు రాదు. అసలు రకం ఇంజనే ఉంటే రేపు అడగడానికైనా మొహం ఉంటుంది.

రెండవది నా స్వార్థం. ఇంజెక్షను ఇంజనులో బుర్రంతా ఒక మూసిన పెట్టెలో ఉంటుంది. కార్బ్యురేటరు ఇంజనులో జరిగేదంతా కంటికి కనిపిస్తుంది, చేతికి తగుల్తుంది. విద్యార్థికి అంతకన్నా మంచి పుస్తకం ఏముంటుంది?

ఇంజను కట్టడం

విజయవాడ ఆటోనగర్‌లో మూడు రోజులు తిరిగితే, ఒక తుక్కు అంబాసిడర్ తాలూకు వట్టి బ్లాకూ, హెడ్డూ, క్రాంకూ దొరికాయి. బిల్లు రాయించుకుని తెచ్చాను. ఇంజను నంబరు మారుతుంది గనుక ఆ బిల్లు బంగారంతో సమానం.

క్రాంకులో కంటికి కనిపించని పగులుందేమో తెలుసుకోవడం ముందు పని. అప్పుడు మా వీధి శిల్పి బాబాయి వచ్చాడు. మా దుర్గి రాతి శిల్పాలకి పెట్టింది పేరు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బాబాయి క్రాంకుని తాడుతో వేలాడదీయించి చిన్న సుత్తితో తట్టాడు. గంటలా ఖంగుమని చాలాసేపు మోగింది. "రాయైనా అంతేరా. లోపల జీర ఉంటే బొక్క కుండలాగా మోగుద్ది" అన్నాడు. తర్వాత లాబులో రంగుద్రవం పూసి పగుళ్ళ పరీక్ష కూడా చేశాను. బాబాయి తీర్పే ఖాయమైంది.

ఇక లెక్క. ఈ ఇంజను సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. ఒక సిలిండరు పరిమాణం 372 ఘన సెంటీమీటర్లు. నాలుగు కలిపితే 1489. మా బ్లాకు అరిగివున్నందున 40 థౌ, అంటే దాదాపు ఒక మిల్లీమీటరు, పెద్దది చేసి బోరు కొట్టించాల్సివచ్చింది. అప్పుడు సిలిండరు 383, మొత్తం 1531 ఘన సెంటీమీటర్లు అయింది. హెడ్డులో దహన గది ఎంతుందో చూడడానికి గాజుపలక బిగించి బ్యూరెట్టుతో ద్రవం పోశాను. పిస్టను పైన మిగిలే జాగా, గాస్కెట్టు మందం కూడా కలుపుకుంటే 60 వచ్చింది. 383కి 60 కలిపి 60తో భాగిస్తే 7.4. ఇదే కంప్రెషను నిష్పత్తి. ఇప్పటి కార్లలో ఇది పది దాటుతుంది. మన బండికి ఈ తక్కువే మేలు. ఏ ఊరి బంకు పెట్రోలైనా అరిగించుకుంటుంది.

హెడ్డు విషయంలో ఒక జాగ్రత్త. మన దేశంలో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం లేదు. ఆరోగ్యానికి అది ఎంతో మంచిదైంది. కాని పాత ఇంజన్లలో ఆ సీసమే ఎగ్జాస్టు వాల్వుకీ దాని పీటకీ మధ్య పలుచని మెత్తలా పనిచేసేది. అది లేకపోతే పోత ఇనుప పీట అరిగి, వాల్వు లోపలికి దిగిపోతుంది. అంచేత ఎగ్జాస్టు వైపు గట్టి ఉక్కు పీటలు వేయించాను. రాడ్డు బోల్టులు ఎనిమిదీ కొత్తవే కొన్నాను. అక్కడ మాత్రం బేరమాడలేదు.

మిషను పని అయ్యాక బ్లాకుని గుడ్డతో తుడిచి, బిగించడానికి సిద్ధమయ్యాను. శిల్పి బాబాయి ఆయిలు కాలవలోకి తెల్లగుడ్డ చుట్టిన పుల్ల పెట్టి తిప్పి నా ముందు పట్టుకున్నాడు. గుడ్డ బూడిదరంగులో మెరుస్తోంది. బోరు కొట్టినప్పుడు రాలిన ఇనుప రజను! "పొడి సంగతి మమ్మల్నడుగు అబ్బాయ్. కనపడేది కాదు, నక్కేది చంపుద్ది" అన్నాడు. ఆ తప్పు పూర్తిగా నాదే. అలాగే బిగించివుంటే ఆ రజను మొదటి నిమిషంలోనే కొత్త బేరింగుల్లోకి పోయేది. కాలవల బిరడాలన్నీ విప్పి, కిరసనాయిలుతో, తర్వాత సబ్బు వేసిన వేడినీళ్ళతో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగాను. వెంటనే గాలికొట్టి ఆయిలు పూశాను. ఒక పూట పని రెండు రోజులైంది.

రింగుల సందులు ఫీలరు గేజితో చూసుకోవడం, హెడ్డు నట్లు మధ్యనుంచి అంచులకి కొంచెం కొంచెంగా బిగించడం వంటివి పుస్తకాల్లో దొరుకుతాయి. వాల్వుల సందు మాత్రం చెప్పాలి. దీనికి తొమ్మిది సూత్రం అని ఒక చిట్కా ఉంది. వాల్వులు ఎనిమిది. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో ఆ అంకెను తొమ్మిదిలోంచి తీసెయ్యండి. మిగిలిన అంకె గల వాల్వుని సరిచెయ్యండి. ఒకటి తెరిచివుంటే ఎనిమిది, మూడు తెరిచివుంటే ఆరు. సందు 15 థౌ. దీన్ని తాతయ్య నోటిలెక్కగా చెప్పాడు. ఇంజను పనిలో ఆయన అన్న మొదటి మాట అదే. అప్పటిదాకా అరుగుమీద కూర్చుని ఇటు చూడనట్టే చూస్తుండేవాడు.

ఇంజనుని కారులోకి దించడానికి క్రేను ఎక్కడ తెస్తాం? విగ్రహాలు లేపే మూడుకాళ్ళ దుంగలూ, గొలుసు కప్పీ బాబాయే తెచ్చాడు. వేపచెట్టు కింద, దేవుణ్ణి పీఠం మీద దించినంత నెమ్మదిగా దించాం.

కార్బ్యురేటరు అంటే ఏమిటి?

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగుతుంది గనుక, ఒక్క లీటరుకి సుమారు తొమ్మిదివేల లీటర్ల గాలి! పల్నాటి దుమ్ము కూడా అందులో భాగమే. అంచేత గాలి ఫిల్టరుని చిన్నచూపు చూడకండి.

ఈ కొలత ప్రకారం గాలినీ పెట్రోలునీ కలపడమే కార్బ్యురేటరు పని. సన్నని గొంతులోంచి పోయేటప్పుడు గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఇది 1738లో బెర్నూలీ, 1797లో వెంచూరీ ప్రకటించిన విషయం. దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. తగ్గిన ఒత్తిడికి గిన్నెలోని పెట్రోలు జెట్టులోంచి ఎగజిమ్మి గాలిలో కలుస్తుంది.

గొంతు సైజు మారని కార్బ్యురేటరులో ఒక చిక్కుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి చాలక పెట్రోలు లేవదు. అందుకని ఒక్కో వేగానికి ఒక్కో జెట్టు పెడతారు. మా బండికున్న ఎస్.యు. కార్బ్యురేటరు ఈ చిక్కుని వేరే దారిలో విప్పింది. అందులో గొంతే పెరుగుతుంది, తగ్గుతుంది. మన సాగర్ కుడికాలవ మీద షట్టరు ఊహించుకోండి. నీళ్ళు ఎక్కువ కావాలంటే షట్టరు లేస్తుంది. ఇక్కడ ఇంజను అడిగిన గాలినిబట్టి ఒక పిస్టను దానంతటదే లేస్తుంది. దాని అడుగున కోసుగా ఉన్న సూది ఒకటి జెట్టులో దిగివుంటుంది. పిస్టను లేచేకొద్దీ సూది పైకొచ్చి, దాని చుట్టూ సందు పెరిగి, పెట్రోలు ఎక్కువ వస్తుంది. గొంతులో ఒత్తిడి మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే. పిస్టను ఎగిరెగిరి పడకుండా పైన చిన్న గొట్టంలో కాస్త ఆయిలు ఉంటుంది. ఇంతే యంత్రం!

మిశ్రమం సరిగా ఉందో లేదో చూడడానికీ పరికరాలు అక్కర్లేదు. ఇంజను నిలకడగా తిరుగుతుంటే ఆ పిస్టనుని బియ్యపుగింజ మందం కన్నా తక్కువే పైకి లేపండి. వేగం ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిగా ఉన్నట్టు. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఇంజను ఆగిపోతే పెట్రోలు తక్కువ.

ఇప్పుడొక కొత్త సంగతి. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు సర్వసాధారణమైంది. ఎథనాల్‌లో దాని ఆక్సిజను దానికే ఉంటుంది గనుక, ఈ పెట్రోలుకి గాలి కిలోకి పదమూడున్నర కిలోలే చాలు. పాత కొలతకి తిప్పిన జెట్టుతో అదే గాలికి అదే పెట్రోలు పోతే మిశ్రమం పలచబడి, ఇంజను వేడెక్కుతుంది. అందుకని జెట్టుని కాస్త కిందికి దించాను. పాత రబ్బరు గొట్టాలూ, పెట్రోలు పంపులోని పొరా ఎథనాల్‌కి ఉబ్బి చీకిపోతాయి. వాటినీ దానికి తట్టుకునే రకంతో మార్చాను.

మొదటి స్టార్టు

తిప్పాను. ఇంజను పలకలేదు. మళ్ళీ తిప్పాను. కార్బ్యురేటరులోంచి ఢామ్మని మంట. చుట్టూ చేరిన పిల్లలు పారిపోయారు. నా మొహం మాడిపోయింది. అరుగుమీంచి తాతయ్య లేచొచ్చాడు.

"మంట వెనక్కి కొడతంది. ఒకటో నంబరు పైకొచ్చినప్పుడు వాల్వులు రెండూ మూసుకునే ఉన్నాయా?"

చూస్తే లేవు. నాలుగు నడకల ఇంజనులో పిస్టను పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి మిశ్రమాన్ని నొక్కుతూ, ఇంకోసారి పొగని తోస్తూ. నేను రెండో రాకని చూసి డిస్ట్రిబ్యూటరు బిగించాను. నిప్పురవ్వ సగం చుట్టు తేడాలో పడుతోంది. విప్పి, తిప్పి, 1-3-4-2 వరస సరిచూసి మళ్ళీ బిగించాను. ఈసారి తాళం తాతయ్య తిప్పాడు. రెండో తిప్పుకి అందుకుంది.

రిజిస్ట్రేషను గడువు పొడిగింపూ, కొత్త ఇంజను నంబరు ఎక్కించడమూ అయ్యేదాకా బండిని ఇంటి ఆవరణ దాటించలేదు. ఈ పనికి ఇంజను పనికన్నా ఎక్కువ రోజులు పట్టాయని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

రెంటచింతల ఎండ

మే నెలలో, రాష్ట్రంలోనే ఎండకి పేరుమోసిన రెంటచింతల వైపు మొదటి పరీక్షకి పోయాం. మధ్యాహ్నం బండి తుపుక్కుమని ఆగింది. ఈ ఇంజనులో కార్బ్యురేటరూ ఎగ్జాస్టు గొట్టాలూ ఒకే పక్కన ఉంటాయి. ఆ వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరై బుడగలు కట్టింది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి, సీసాలో నీళ్ళతో తడిపి, పంపుకి చుట్టాడు. పది నిమిషాలకి బండి కదిలింది. ఇంటికొచ్చాక గొట్టాన్ని వేడికి దూరంగా మళ్ళించి, మధ్యలో రేకు అడ్డం పెట్టాను. ఆ తర్వాత మళ్ళీ ఆగలేదు.

ముగింపు

మొదటి ఎనిమిది వందల కిలోమీటర్లు గంటకి అరవై దాటకుండా నడిపాం. అది పూర్తయిన రోజు తాతయ్యని మాచర్ల చెన్నకేశవస్వామి గుడికి తీసుకుపోదామనుకున్నాను. "ముందు ఇటు పోనియ్యి" అని కారంపూడి దారి చూపించాడు. స్టీరింగు నా చేతిలో ఉంది. ఆయనకి చూపు ఆనక బండి నడపడం మానేశాడు. కారంపూడి దాటాక ఒకచోట ఆపమన్నాడు. నాకు అక్కడ ఏ గుర్తూ కనపడలేదు. ఆయన దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి, ఇంజను తిరుగుతుంటే అయిదు నిమిషాలు నిలబడ్డాడు. "మూడో నంబరు బాగుందిరా" అన్నాడు. ఎక్కి కూర్చుని, "పద, ఇప్పుడు గుడికి" అన్నాడు.

మిత్రులారా! మనం పరీక్షల కోసం లోహపు అలసట గురించి పది మార్కుల జవాబు రాస్తాం, మరిచిపోతాం. అదే పాఠం ఒక ముసలాయన పదకొండేళ్ళు మోసిన బరువుని దించగలదని నాకు లాబులో తెలిసింది. యంత్రం చెడినప్పుడు మొదట ఎవర్నీ తిట్టకండి, మిమ్మల్ని మీరు కూడా తిట్టుకోకండి. విరిగిన ముక్కని పారెయ్యకండి. కడిగి, వెలుగులో పెట్టి, దాన్నే అడగండి. ఆ బోల్టు ఇప్పుడు మా ఇంట్లో నాయనమ్మ ఫోటో పక్కన చిన్న డబ్బాలో ఉంది. అక్కడ పెట్టింది తాతయ్యే.